ఆ మాట రాసింది నేనే

నా పేరు సుభాషిణి. ఇది నా దోస్తు నీలి సంగతి. అయినా నా పేరుతోటే మొదలుపెడుతున్న, ఎందుకంటే చెప్పాల్సిన రోజు చెప్పలే.

మాది కేసముద్రం. మార్కెట్ యార్డు గేటుకు ఎదురుంగ మా నాయిన శివప్రసాద్‌కు గోనె సంచులు, సుతిలి తాడు, తాటిపత్రీల దుకాణమున్నది. వడ్లు, మక్కలు తెచ్చే రైతులు ముందుగాల మా దుకాణంకే వస్తరు. వాళ్లల్ల సగం మంది తండాలోళ్లు. చిన్నప్పటి సంది నేను కౌంటర్ వెనుక కూసొని వాళ్ల మాటలు విన్న. విన్న గానీ వాళ్ల ఇండ్లకు ఎన్నడూ పోలే. నీలి దోస్తు అయినంకనే పోయిన.

నీలిది గార్ల దిక్కు ఒక తండా. మహబూబాబాద్‌ల డిగ్రీ చదివేటప్పుడు ఇద్దరం ఒకటే బెంచీ మీద కూసునేటోళ్లం. ఒకసారి మా దుకాణంకు వచ్చి, మా నాయిన రైతులతోటి మాట్లాడుడు చూసింది. తెల్లారి క్లాసుల అచ్చం ఆయన లెక్కనే చేసింది. కండ్లద్దాలు ముక్కు కొసకు దింపి, గల్లపెట్టె మీద వేళ్లతోటి తాళం కొట్టుకుంట, “ఏం మామా, ఈసారి దేవుడు మంచిగనే సూసినట్టున్నడు” అన్నది. క్లాసంత నవ్వింది. నాకైతే కండ్లల్ల నీళ్లొచ్చినయి. పుట్టినప్పటి సంది ఇంట్ల చూస్తున్న మనిషిని గప్పుడే సరిగ్గ చూసినట్టనిపించింది. సాయంత్రం ఇంటికి పోయి నాయిన వేళ్ల దిక్కే చూసుకుంట కూసున్న.

డిగ్రీ అయినంక ఇద్దరం కలిసి ‘తండా అవ్వ’ అని యూట్యూబుల ఛానల్ పెట్టినం. నేను రాసేదాన్ని, ఆమె ఆడేది. ఫోన్ పట్టుకొని తీసేది గూడ నేనే. కానీ వీడియోల కింద పేర్లల్ల నా పేరుండేది కాదు. మా ఇంట్ల ఒప్పుకోరని నేనే వద్దన్న. నీలి నవ్వి, “రాసుడు నీది, తిట్లు నావి, మంచిగనే ఉన్నది బేరం” అన్నది. గది అప్పటికి జోకే.

వేషానికి బట్టలు వాళ్ల అవ్వయి. ఆమె పేరు ద్వాలి. డెబ్బై దాటినయి. అద్దాలు కుట్టిన రైక, ఎర్ర గాగ్రా, మోచేతి మీది దాక తెల్ల గాజులు. మనుమరాలు తన బట్టలు కట్టుకొని తన లెక్క నడుస్తుంటే ముసలామె గడపల కూసొని తప్పులు చెప్పేది. “నడుము మీద చెయ్యి అట్ల పెట్టరే, నొప్పి ఉన్నోళ్లు గిట్ల పెడతరు” అని లేచి చూపెట్టేది. వీడియో ఎక్కించే ముందు నీలి ఆమెకు చూపెట్టేది. ఫోన్ మొఖం కాడికి తెచ్చుకొని చూసి, “నా లెక్కనే ఉన్నది గానీ నా అంత అందం లేదు” అనేది.

మాకు పేరు తెచ్చింది దవాఖాన స్కిట్. మోకాళ్ల నొప్పి అని తండా అవ్వ పట్నంల ఒక ప్రైవేటు దవాఖానకు పోతది. డాక్టర్‌కు ఆమె భాష రాదు. ఆమెకు డాక్టర్ పుస్తకాల తెలుగు అర్థం కాదు. నడుమ కాంపౌండర్. మూడు వేషాలూ నీలి ఒక్కతే. కుర్చీ మారితే మనిషి మారేది. “ఎప్పటి నుంచి నొప్పి?” అని డాక్టర్ అడిగితే అవ్వ తన భాషల “లగ్గమైనప్పటి సంది” అంటది. కాంపౌండర్ డాక్టర్ దిక్కు తిరిగి, “కొత్తగ పెండ్లయిందట సార్” అంటడు. డాక్టర్ తల ఎత్తకుండనే డెబ్బై ఏండ్ల ముసలామెకు గర్భం పరీక్ష రాస్తడు. పదకొండు నిమిషాలు గట్లనే నడుస్తది. ఆఖరికి ఒంట్ల ఉన్న అన్నింటికీ పరీక్షలైతయి, మోకాళ్లకు తప్ప.

జనగామ షో కుదిరినప్పుడు, దాంట్ల ఇంకో రెండు మాటలు కలుపుదామనుకున్నం. ఒక మధ్యాహ్నం దుకాణంల గిరాకీ లేదు. సంచుల దొంతి మీద కూసొని నేను నోట్‌బుక్‌ల గిట్ల రాసిన:

డాక్టర్ – “రోజూ ఏం తాగుతవ్?”

అవ్వ – “నీళ్లు దొరికిన్నాడు నీళ్లు, దొరకన్నాడు గుడుంబ.”

రాసి నేనే నవ్వుకున్న. మాట ఎంత తేలికగ పడ్డదో అని సంబురపడ్డ. నీలి వచ్చినంక చూపెట్టిన. ఆమె నవ్వలే. కాగితం దిక్కు చానాసేపు చూసింది.

“గిది ఒట్టిగ ఉంటే మా అవ్వను తిట్టినట్టుంటది సుభా. దీని వెనుక గోడ కట్టాలె” అన్నది. పెన్ను తీసుకొని కింద తనే రాసింది:

డాక్టర్ – “నీళ్లెందుకు దొరకయి?”

అవ్వ – “మీ ఊరి ట్యాంకు నిండినంకనే మా తండాకు ఇడుస్తరు గద సారూ. మీ ట్యాంకు నిండనే నిండదాయె.”

చదివి నేను, “నా జోక్ కంటే నీ గోడే మంచిగున్నదే” అన్న. నిజంగనే అన్న.

జనగామల ప్రోగ్రాంలు పట్టే రాజేందరన్న మమ్ముల పిలిచిండు. ఒక సంఘం వార్షికోత్సవం, ఫంక్షన్ హాల్ నిండ జనం, ఆరేడు వందల మంది ఉండొచ్చు. గంత పెద్ద స్టేజీ నీలికి గదే మొదలు. నేను పక్కన తెర చాటుకు నిలబడ్డ. గర్భం పరీక్ష కాడ నవ్వులు మొదలైనయి. గుడుంబ మాట రాంగనే హాలు దద్దరిల్లింది. నవ్వు ఆగుతలేదు. నీలి అవ్వ లెక్కనే నడుము మీద చెయ్యి పెట్టుకొని ఆగింది. జర సల్లబడ్డదనంగ, వెనుక నుంచి ఎవడో “గుడుంబా!” అని అవ్వ గొంతుతోటి ఒర్రిండు. మళ్లా నవ్వులు. గా నవ్వులల్లనే ఆమె ట్యాంకు మాట చెప్పింది. ముందు వరుసల ఒక పెద్దమనిషి, ఆయన పక్కన ఒక టీచరమ్మ చప్పట్లు కొట్టిన్రు. మిగిలినోళ్లకు వినపడనే లేదు.

నా ఒళ్లంత పొంగిపోయింది. నేను రాసిన మాటకు ఏడు వందల మంది!

మధ్యాహ్నం రైలుకు వాపస్ వస్తున్నం. నీలి కిటికీ కాడ కూసున్నది. కాజీపేట దాటినంక నా దిక్కు తిరిగింది.

“సుభా, వాళ్లు గోడ దాక రాలే. గుడుంబ కాడనే ఆగిపోయిన్రు.”

“గంత నవ్విన్రు కదనే.”

“ఎవరిని చూసి నవ్విన్రు?”

నేను పల్లీల పొట్లం విప్పి ఆమె ముందట పెట్టిన.

“గా మాట తీసేద్దాం” అన్నది.

“పాగల్‌వా? షో మొత్తంల గంత నవ్వు ఇంక దేనికీ రాలే. వచ్చే నెల భూపాలపల్లి షో ఉన్నది కద, గదైనంక తీసేద్దాం తీ.”

ఆమె నా దిక్కు చూసి, సరే అన్నట్టు తల ఊపింది. కేసముద్రం రాంగనే నేను దిగిన. ఆమె గార్లకు పోయింది.

మూడో రోజు వీడియో వచ్చింది. హాల్ల కూసున్నోళ్లెవరో ఫోన్‌ల తీసిన్రు. పంతొమ్మిది సెకన్లు. “రోజూ ఏం తాగుతవ్” కాడ మొదలై, గుడుంబ మాట, దాని వెనుక నవ్వులు, వెనుక నుంచి ఒర్రినోడి గొంతు, గంతే. ట్యాంకు మాట లేదు. ఎవరు కోసిన్రో నాకు ఇప్పటికీ తెల్వదు. పగతోటి కోసిన్రో, నవ్వు ఆడనే అయిపోయిందని కోసిన్రో.

మొదటి రోజు దాన్ని నవ్వేటోళ్లే పంపుకున్నరు. ‘తండా అంటే గిట్లుంటది’ అని మీద రాసి, పండ్లు ఇకిలించే బొమ్మలు పెట్టిన్రు. రెండో రోజు గదే వీడియో వేరే మాటతోటి తిరిగింది. ‘మన తల్లులను స్టేజీ మీద తాగుబోతులను చేసింది. వదలొద్దు.’ అదేందో గానీ, రెండు దిక్కులా ఒక్క ముక్కనే. జనగామల తెర చాటు నుంచి నేను తీసిన పదకొండు నిమిషాల వీడియో మొత్తం ఎక్కిచ్చినం. కింద నీలి తన భాషలనూ తెలుగులనూ రాసింది – నేను తండా బిడ్డనే, దయచేసి పూరా చూడుండ్రి అని. పంతొమ్మిది సెకన్లది నాలుగు లక్షల మంది చూసిన్రు. పూరాది తొమ్మిది వందల మంది.

నీలి ఫోన్ మోగుడు ఆగలే. తెలిసినోళ్లు, తెల్వనోళ్లు. ఆమె భాషల తిట్టేటోళ్లు ఏడ్చుకుంట తిట్టిన్రు. ఒకామె ఫోన్ చేసి, “నా మొగడు తాగి సచ్చిండు బిడ్డా, నీకు నవ్వెట్ల వచ్చింది?” అని అడిగి పెట్టేసిందట.

ఆమెను వెనుకేసుకొచ్చినోళ్లు గూడ ఉన్నరు. జోకును జోక్ లెక్క చూడుండ్రి, హాస్యానికి స్వేచ్ఛ లేదా, గిట్లయితే ఈ దేశంల ఇంక ఎవరు నవ్విస్తరు అని పొడుగు పొడుగు రాసిన్రు. నేను ఖుషీ అయిన. తర్వాత కిందికి జరిపి చూస్తే, గా రాసినోళ్లే తండా ఆడోళ్ల గురించి నోటితోటి అనరాని మాటలు రాస్తున్నరు. ‘ఉన్న మాటంటే ఉలుకెందుకు’ అని ఒకడు. మా దిక్కు నిలబడ్డోళ్లను చూసి నాకే సిగ్గనిపించింది.

నీలి బాపు మాన్‌సింగ్‌కు రెండెకరాల మిరప చేనున్నది. తండా పెద్దలు ఆయనను పిలిచి కూసోబెట్టిన్రు. “నీ బిడ్డెను స్టేజీ ఎక్కిచ్చి మమ్ముల కింద పడేసినవ్” అన్నరు. మహబూబాబాద్ చౌరస్తాల పోరగాళ్లు ధర్నా చేసిన్రు. అద్దాల రైకలు, గాగ్రాలతోటి ముసలోళ్లు గూడ వచ్చి ఎండల కూసున్నరు.

ఆ శనివారం మహబూబాబాద్‌ల తండా విద్యార్థి సంఘం ఆఫీసుకు రమ్మన్నరు. నీలి, మాన్‌సింగ్ బాపు పోతున్నరని తెలిసి నేను గూడ బయలుదేరిన. పొద్దుగాల మా నాయిన దుకాణం షట్టర్ లేపుకుంట, నా దిక్కు చూడకుండనే అన్నడు – “దోస్తు అంటున్నవ్, పో. కానీ మన పేరు రావొద్దు. యార్డుకు వచ్చేటోళ్లంత వాళ్లే.” నేను రాస్తనని ఆయనకు ఎన్నడు తెలిసిందో ఏమో. అడగలే.

సంఘానికి లీడర్ జాల్యా. లా చదువుతున్నడు, సన్నగ ఉంటడు. మమ్ముల తిడతడనుకున్న. కుర్చీలేసి, నీళ్లిచ్చిండు. గదిల ఇరవై మంది దాక ఉన్నరు, నలుగురు ముసలోళ్లు కింద సాప మీద కూసున్నరు.

“అక్కా, నేను పూరా వీడియో చూసిన” అన్నడు. “రెండుసార్లు చూసిన. నువ్వు చెప్పింది మంచిగనే ఉన్నది. ట్యాంకు మాట నాకు మస్తు నచ్చింది.”

నీలి మొఖం వెలిగింది. వారం సంది గట్ల చూడలే నేను.

“కానీ నేను చూస్తే ఏం లాభం?” అన్నడు జాల్యా. “హాస్టల్ల నా పేరు గుడుంబ. ఐదేండ్లు గదే పేరు. సార్లు గూడ గట్లనే పిలిచిన్రు. ఇప్పుడు మా చెల్లె ఇంటర్ చదువుతున్నది. నిన్న ఆమె క్లాసుల నీ వీడియో చూపెట్టి, ‘మీ అమ్మ గూడ గిట్లనేనా’ అన్నరట. గా పిల్ల వాళ్లకు ఏం చెప్పాలె? పదకొండు నిమిషాలు ఓపిక పట్టి చూడుండ్రి అని చెప్పాల్నా?”

నీలి నీళ్ల గ్లాసు కింద పెట్టింది.

“నా దగ్గర జవాబు లేదు తమ్మీ” అన్నది.

“నా దగ్గర గూడ లేదక్కా. కానీ బయట రెండు వందల మంది ఉన్నరు. వాళ్లకు ఏదో ఒకటి చెప్పాలె.” కాగితాల దిక్కు చూసుకొని అడిగిండు. “ఒక్కటి చెప్పు. గా గుడుంబ మాట ఎవరు రాసిన్రు?”

గదిల ఫ్యాన్ తిరుగుతున్నది. నీలికి ఎడమ దిక్కు నేను, కుడి దిక్కు వాళ్ల బాపు. నేను నోరు తెరవాలె. తెరుస్త అనే అనుకున్న. ముందుగాల ఎట్ల మొదలుపెట్టాలె అని మాట కోసం ఎతుకుతున్న. రోజుకు పది మాటలు పుట్టిచ్చే నాకు, గప్పుడు ఒక్కటి గూడ దొరకలే. మా షట్టర్ మీద రాళ్లు పడ్డట్టు, నాయిన ఒక్కడే కౌంటర్ వెనుక నిలబడ్డట్టు కనపడ్డది.

“నేనే రాసిన” అన్నది నీలి.

మాన్‌సింగ్ బాపు మెల్లగ బిడ్డె దిక్కు తిరిగిండు. “మీ తాత దేనితోటి సచ్చిండో నీకు యాదికి లేదా?” అన్నడు. తన భాషల అనలే, తెలుగుల అన్నడు. గా ముచ్చట నాకు తెల్వదు. నీలి నాకు ఎన్నడూ చెప్పలే. నా నోట్‌బుక్ చూసినప్పుడు ఆమె నవ్వకుండ గంతసేపు ఎందుకు కూసున్నదో గప్పుడు సమజైంది.

నీలి తల దించుకొని, “యాదికున్నది బాపూ” అన్నది.

క్షమాపణ వీడియో తియ్యాలన్నరు. నా ఫోన్‌లనే తీసినం. మొదటిసారి నీలి చేతులు జోడించి నాలుగు మాటలు చెప్పేసరికి ఏడుపొచ్చింది. నిజమైన ఏడుపు. నేను ఆమెను అంత దగ్గరి నుంచి చూస్తున్న, నాకు తెల్వదా? వెనుక ఉన్న ఒకాయన, “ఏడుపు యాక్షన్ లెక్కున్నది, మళ్లా తియ్యి” అన్నడు. రెండోసారి ఏడుపు ఆపుకోవాలని చూసింది. మొఖం వంకర పోయింది. “గిప్పుడు ఎక్కిరిస్తున్నట్టున్నది” అన్నరు. ఎన్ని మొఖాలు చేసిందో గా పిల్ల స్టేజీల మీద, గా రోజు తన మొఖం ఒక్కటి నమ్మించుకోలేకపోయింది. మూడోసారి గోడ దిక్కు చూసుకుంట, కాగితంల రాసింది రాసినట్టు చదివింది. ఏ భావమూ లేదు. గది ఒప్పుకున్నరు. ఆరు లక్షల మంది చూసిన్రు దాన్ని. మా అన్ని వీడియోలూ కలిపినా గంత మంది చూడలే.

బయటికొచ్చినంక బస్టాండు కాడ నేను ఆమె చెయ్యి పట్టుకున్న. “ఎందుకు చెప్పినవే గట్ల?”

“మరి నువ్వు చెప్తవా అని చూసిన” అన్నది. కోపంగ అనలే. “నువ్వు చెప్తే నాకింకా కష్టమైతుండె సుభా. షావుకారు బిడ్డె రాసిస్తే ఆడిన బొమ్మ అంటుండ్రి నన్ను. గిది మేలు. తప్పు చేసిన తండా పిల్లనైనా అయిన.”

నాకు తేలికైంది. ఆమె గట్ల అన్నందుకు లోపల ఎక్కడో తేలికైంది. గా సంగతి ఇయ్యాల రాస్తుంటే గూడ చెయ్యి ఆగుతున్నది.

భూపాలపల్లి షో బొగ్గుబావుల కాలనీల ఉండె. రాజేందరన్న ఫోన్ చేసిండు. “నీ తప్పేం లేదు చెల్లే, నాకు తెల్వదా? కానీ పెట్టేటోళ్లు భయపడుతున్నరు. జర గ్యాప్ ఇద్దాం.” గా షోల నీలి జాగల వేరే టీం ఆడింది. పెండ్లాన్ని తిట్టే మొగడు, మొగణ్ని తన్నే పెండ్లాం, నడుమ బూతు అత్త. మూడు గంటలు నడిచింది. ఒక్కరు గూడ నొచ్చుకోలే. రాజేందరన్న మళ్లా ఫోన్ చెయ్యలే.

ఛానల్ మేమే తీసేసినం. మూడేండ్ల వీడియోలు.

గదంత ఒక ఎత్తు. నీలిని ఇరగ్గొట్టింది వేరే. ఒకరోజు ఆమె మా దుకాణంకు వచ్చి సంచుల మీద కూసున్నది. “నేను బోరింగు కాడికి పోతే మాట్లాడుడు ఆపేస్తున్నరు” అన్నది. “మిరప తోటల ఏరబోతే గంతే. నేను రాక ముందు పకపక నవ్వుకుంటుంటరు, నన్ను చూడంగనే చుప్. ‘అది ఇని అమ్ముకుంటది, మాట్లాడకుండ్రి’ అంటున్నరట. వాళ్ల మాటలే కదనే నా బతుకు. నేనేమన్న పుట్టిచ్చిన్నా?”

ద్వాలి అవ్వ మనుమరాలి దిక్కు గట్టిగనే నిలబడ్డది ముందు. ఇంటి ముందుకు వచ్చి తిట్టిన ఆడోళ్లతోటి, “అవి నా మాటలు, నా నడక, నాకు లేని సిగ్గు మీకెందుకు?” అని కొట్లాడిందట. తర్వాత పెండ్లిళ్లకు పిలుపులు బందైనయి. ఆ వయసుల ఆమెకు ఉన్న సంబురం గదొక్కటే, పెండ్లిల కూసొని పాడుడు. కొన్నాళ్లకు ముసలామె గూడ నీలి ముందట ముచ్చట్లు చెప్పుడు తగ్గించింది. ఏమన్నా అడిగితే “ఏం లేదు” అనేది.

ఎండకాలం అయిపోకముందే నీలి తండా ఇడిచి భూపాలపల్లికి పోయింది.

కార్తీక మాసంల మా ఇంటోళ్లతోటి కాళేశ్వరం పోతుంటే భూపాలపల్లిల ఆగినం. మా వాళ్లు టిఫిన్ చేస్తున్నరు. నేను నీలి పని చేసే జాగ అడుక్కుంట పోయిన. జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు. అద్దం వెనుక కంప్యూటర్ ముందట కూసున్నది. నన్ను చూసి లేచి బయటికొచ్చింది. సన్నబడ్డది. నాకైతే కౌగిలించుకోవాలనిపించింది, చెయ్యి ముందుకు రాలే.

“ఎట్లున్నవ్?”

“బాగున్నాను. మీ ఇంట్లో అందరూ బాగున్నారా?” అన్నది.

ఉన్నాను, ఉన్నారు. పుస్తకాల తెలుగు. నేను నవ్వబోయిన, ఏదో వేషం చేస్తున్నదనుకొని. వేషం కాదు. గట్లనే మాట్లాడుతున్నది ఇప్పుడు. ఏ ఊరిదో, ఏ ఇంటిదో మాటల పడకుండ.

“ఈడ ఎవరికన్న నువ్వెవరో తెలుసా?”

“లేదు. మొన్న ఒకామె ‘నిన్ను ఎక్కడో చూసినట్టున్నది’ అన్నది. కాదన్నాను.”

“నీలీ, నేను చెప్త. మీ బాపుకు, జాల్యాకు. నేను రాసిన అని చెప్త.”

ఆమె రోడ్డు దిక్కు చూసింది. బొగ్గు లారీలు ఒకదాని వెనుక ఒకటి పోతున్నయి. “జాల్యా మొన్న ఫోన్ చేసిండు సుభా” అన్నది, జర తన మాట తనకు వచ్చింది. “వాళ్ల చెల్లెను ఇంకా గట్లనే అంటున్నరట. నేను మాఫీ అడిగినంక గూడ. ‘అక్కా, నిన్ను బందు చేసినం గానీ వాళ్లను బందు చెయ్యలేకపోయినం’ అన్నడు. ఏడ్చిండు. ఇగ నువ్వు చెప్తే ఏమైతది?”

“నాకు మనసున పడ్తలేదే.”

“నీ మనసు కోసమైతే చెప్పు” అన్నది. లోపల గిరాకీ పిలిస్తే పోయింది. పోతూ పోతూ, “వెళ్ళొస్తాను” అన్నది.

కాళేశ్వరంల గోదావరి ఒడ్డున అందరూ దీపాలు వదులుతుంటే నేను మెట్ల మీద కూసున్న. వాపస్ వచ్చిన నాలుగు రోజులకు, నాయినకు చెప్పకుండ రైలెక్కి గార్లకు పోయిన. ఆడికెల్లి ఆటోల తండాకు.

మాన్‌సింగ్ బాపు చేన్ల నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నడు. ద్వాలి అవ్వ మంచంల పండుకున్నది. నేను అరుగు మీద కూసొని, మొదటి సంది చెప్పిన. సంచుల మీద కూసొని రాసుడు, నీలి నవ్వకపోవుడు, గోడ కట్టుడు, రైలుల తీసేద్దామంటే నేను తియ్యనియ్యకపోవుడు, సంఘం ఆఫీసుల నోరు పెగలకపోవుడు. ఏదీ దాచలే. చెప్తుంటే చెంపలు తడిసినయి.

ఆయన అంత విన్నడు. తువ్వాలతోటి మొఖం తుడుచుకున్నడు. తర్వాత వచ్చి నా తల మీద చెయ్యి పెట్టిండు.

“నువ్వు మంచిదానివి బిడ్డా” అన్నడు. “దోస్తు కోసం గంత నింద నెత్తిన పెట్టుకునేటోళ్లు ఎవరున్నరు ఇయ్యాల్రేపు?”

“నింద కాదు బాపూ. నిజంగనే నేనే రాసిన.”

“మీరు షావుకార్లు. గుడుంబ సంగతి నీకేం ఎరుక? మా ఇంట్ల పుట్టిన పిల్ల నోట్లకెల్లి వచ్చిన మాట అది. నాకు తెల్వదా?” ఆయన నవ్విండు, పండ్లు కనపడకుండ. “దాని తప్పు అది ఒప్పుకున్నది. అయిపోయింది. నువ్వు పరేషాన్ కాకు.”

“నోట్‌బుక్ తెస్త బాపూ, నా రాతల ఉన్నది...”

“వద్దు బిడ్డా. మళ్లా ఎందుకు లేపుడు?”

నేను ద్వాలి అవ్వ దిక్కు చూసిన. ఆమె కండ్లు తెరిచే ఉన్నయి. అన్నీ విన్నది. నేను చెప్పింది నిజమని ఆమెకు తెలుసని నాకనిపించింది. ఆమె ఏమన్న అంటదని చూసిన. ముసలామె గోడ దిక్కు ఒత్తిగిలింది.

చాయ్ పెట్టిచ్చిండు మాన్‌సింగ్ బాపు. పక్కింటోళ్లను పిలిచి, “మా నీలి దోస్తు, కేసముద్రం షావుకారు బిడ్డె. మా పిల్ల మీది తప్పు తన మీద ఏసుకుంటానికి గింత దూరం వచ్చింది” అని చెప్పిండు. నీలిని చూసి మాటలు ఆపినోళ్లు నా చుట్టూ వచ్చి కూసున్నరు. అన్నం తినకుండ పోనియ్యం అన్నరు. ఒకామె తన చేతి గాజు తీసి నా చేతికి తొడగబోయింది.

నేను తిన్న. గాజు తొడిగిచ్చుకున్న. పొద్దుగుంకక ముందే ఆటో ఎక్కిచ్చిన్రు.